బైజాంటియన్ సామ్రాజ్యంలోని ఆర్మీనియాకాన్ థీమ్‌లో 9,000 మంది సైనికులు నిజంగా ఉండేవారా?

లెక్కలపుస్తకం:
బైజాంటియన్ల చెర నుంచి 845లో విడుదలైన అల్-జర్మీ చెప్పిన సైన్యం లెక్కలు అరబ్బు భూగోళ గ్రంథాల్లో మిగిలాయి. ఆర్మీనియాకాన్ థీమ్‌కి (సొంత సేన ఉన్న రాష్ట్రం) 9,000 మంది అని అందులో ఉంది. ఇలాంటి అంకెలు ఆధారంగానే 840 నాటి మొత్తం సైన్యం 1,20,000 అని చరిత్రకారుడు ట్రెడ్‌గోల్డ్ తేల్చారు. నేనూ అదే నమ్ముతాను. 811లో యూఖైటా పట్టణం దగ్గర ఆ థీమ్ జీతాల సొమ్ము, 1,300 రోమన్ పౌండ్ల బంగారం, అరబ్బుల చేతికి చిక్కింది. పౌండుకి 72 నోమిస్మాలు (బంగారు నాణేలు), అంటే 93,600 నాణేలు. 9,000తో భాగిస్తే తలకి 10.4. సరిపోయే జీతమే కదా!

పాతచిట్టా:
ఆ 10.4లో అధికారుల వాటా కూడా కలిసిపోయిందండీ. ఆరో లియో చక్రవర్తి కాలపు జీతాల జాబితాలో ఆర్మీనియాకాన్ సేనానికి ఒక్కడికే 40 పౌండ్లు, అంటే 2,880 నాణేలు. పైగా సైనికుడి జీతం 12 నుంచి 18 నాణేలని అరబ్బు భూగోళ రచయిత ఇబ్న్ ఖుర్దాద్‌బిహ్ రాశాడు. 12 చొప్పున చూసినా 7,800 మందికే చాలుతుంది, 18 అయితే 5,200. ఇంకో చిక్కు: పూర్వం థీమ్‌లకి నాలుగేళ్ళకోసారి వంతులవారీగా జీతాలిచ్చేవారని ఏడో కాన్‌స్టాంటీన్ చక్రవర్తి సంకలనంలో ఉంది. యూఖైటా సొమ్ము నాలుగేళ్ళ బకాయి అనుకుంటే ఏడాదికి 23,400 నాణేలే, అంటే 12 చొప్పున 1,950 మంది. అదే బంగారం, మనం ఏం అనుకుంటే ఆ జవాబు చెబుతోంది!

గాడిదబరువు:
సైనికుల పట్టీలో పేరున్న ప్రతివాడూ దండుతో కదలడు. లియో తన యుద్ధశాస్త్రంలో సేనానికి నమూనాగా చూపింది ఏరిన 4,000 మంది రౌతుల్నే. 9,000 మందినీ 15 రోజులు నడిపించి చూడండి. మనిషికి రోజుకి 1.3 కిలోల ధాన్యం చొప్పున 175 టన్నులు పైనే. కంచరగాడిద మోసేది 100 కిలోలనుకుంటే 1,755 గాడిదలు కావాలి. వాటి మేత, గుర్రాల బార్లీ ఇంకా కలపనేలేదు.

లెక్కలపుస్తకం:
కదిలే దండు చిన్నదన్నది ఒప్పుకుంటాను. నేనడిగేది పట్టీలో ఉన్నవాళ్ళ సంఖ్య. నాలుగేళ్ళ వంతు 811లోనూ నడిచిందని చూపితేనే 1,950 నిలుస్తుంది.

పాతచిట్టా:
న్యాయమే. కానీ జర్మీ అంకెలే ఒక్క తీరుగా లేవు. థ్రాకేసియాన్ అనే మరో థీమ్‌కి అరబ్బు రచయిత ఖుదామా 6,000 అంటాడు, ఇంకో అరబ్బు రచయిత ఇబ్న్ అల్-ఫఖీహ్ 10,000 అంటాడు. ఇద్దరికీ మూలం ఒకటే! మీ 1,20,000 కట్టేముందు వీటిలో ఏది తీసుకుంటున్నారో, ఎందుకో చెప్పండి.