‘సాంగే’కి పూలవాన సరిపోతుందా? ‘బోజు’ని ఏమనాలి?

అందరికీ నమస్కారం. నాకగవా యుకియో (1918–2012) అనే జపాన్ పూల కళాకారుడి గురించి చిన్న వ్యాసం రాస్తూ, ఆయన చేసిన రెండు కళాకృతుల పేర్లని తెలుగులో ఏమనాలో తెలీక ఇరుక్కుపోయా, సాయం కావాలి.

ఇకెబానా (జపాన్ పూల అలంకరణ కళ) అనగానే పళ్లెంలో మూడు కొమ్మలు, రెండు పూలు గుర్తొస్తాయి కదా, ఈయన ఆ బాపతు కాదు. చిన్నప్పుడే వెన్నెముక దెబ్బతిని గూని వచ్చింది, ఇకెనోబో అనే పాత సంప్రదాయంలో నేర్చుకుని 1951లో దాన్నుంచి బయటికొచ్చేశారు. అక్కడ ఒక్కో సంప్రదాయానికీ మన పీఠాధిపతుల్లాగా ఒక పెద్ద ఉంటారు, శిష్యుల ఫీజుల మీదే అంతా నడుస్తుంది, ఈయనేమో చివరిదాకా బడీ పెట్టలేదు, శిష్యుల్నీ పెట్టుకోలేదు. భార్య హండా ఉతాకో కూడా ఒక సంప్రదాయానికి పెద్దగా ఉండి అది వదిలేసి వచ్చినావిడే.

మొదటి పేరు ‘హనబోజు’, 1973 నాటిది. 900 కార్నేషన్ పూలు గాజు పాత్రలో కుక్కి, మగ్గబెట్టి, తెల్ల కాగితం మీద బోర్లించారు, ఎర్రటి రసం రక్తంలా పాకింది. ఇకెబానాలోని ‘ఇకెరు’ అంటే పూలని బతికి ఉండేట్టు పెట్టడం, ఈయన కుళ్ళడాన్నే చూపించారన్నమాట. హన అంటే పువ్వు, బోజు అంటే బౌద్ధ సన్యాసి, గుండు కొట్టించుకున్నవాణ్ణి, చిన్న పిల్లాణ్ణి కూడా చనువుగా అలాగే అంటారు.

రెండోది ‘తెన్కూ సాంగే’. 2002 మేలో, నీగాతా ప్రాంతంలో షినానో నది ఒడ్డున హెలికాప్టర్ నుంచి ట్యులిప్ రేకులు కుమ్మరించారు, కింద 95 ఏళ్ల ఒనో కజువో నాట్యం. తెన్కూ ఆకాశం, సాంగే బౌద్ధుల పూజలో పూలు చల్లడం. పూలవాన అందామా?

— పుష్పవృష్టి. దీనికింత ఆలోచనెందుకండీ?

— పుష్పవృష్టి వద్దు సార్, అది రాముడు గెలిస్తే దేవతలు కురిపించేది, ఇప్పుడైతే జేసీబీ ఎక్కి లీడర్ల మీద పోసేది 😀

— ఇంకో చిక్కు కూడా ఉంది, పైన రాయడం మర్చిపోయా. యుద్ధకాలంలో సైనికులు చనిపోతే జపాన్లో ‘సాంగే’ అనేవాళ్ళు. ఆ తరం మనిషి ఆ మాట పెట్టుకున్నాడంటే ఆ నీడ తెలియకుండా పెట్టుకున్నాడని నేననుకోను. పూలవానలో చావు లేదు.

— అయితే ‘రాలు’ ఉందిగా అన్నా. పువ్వూ రాలుతుంది, మనిషీ నేలరాలతాడు. రాలిన పూలు అనేయ్.

— రాలడం దానంతటదే జరిగేదమ్మా, సాంగేలో చల్లే చెయ్యి ఒకటుంది. ‘రాల్చు’ అనండి. చెట్టు ఆకులు రాల్చినట్టు, ‘ఆకాశం రాల్చిన పూలు’.

— ఇది బాగుంది మాస్టారూ, ఇదే తీసుకుంటా. మరి బోజు?

— నిర్మాల్యం పెట్టండి, వాడిన పూలే కదా.

— నిర్మాల్యం అవ్వాలంటే ముందు దేవుడి మీద పెట్టి తియ్యాలి, ఈ కార్నేషన్లు ఏ దేవుడి దగ్గరికీ వెళ్ళలేదు. పూలగుండు?

— పూలగుండు అంటే ఫిరంగిలోంచి వచ్చినట్టుంది.

— ‘పూల సన్నాసి’ అనండి. సన్యాసి కాదు, సన్నాసి. మా అమ్మమ్మ ముద్దొచ్చినా కోపమొచ్చినా నన్ను సన్నాసీ అనే పిలిచేది, బోజు కూడా గుడిలోంచి వీధిలోకి వచ్చిన మాటే కదా, రెండూ ఒకే దారిలో దిగాయి.

— అబ్బ, ఇది తట్టలేదు నాకు! కాకపోతే పత్రికవాళ్ళు అచ్చుతప్పు అనుకుని ‘సన్యాసి’ అని దిద్దేస్తారేమో.

— దిద్దొద్దని పక్కన పెన్నుతో రాసి పంపండి.