పీపీహెచ్ సిమ్యులేషన్: ఇద్దరు చేస్తే పదిమంది చూడటమేనా?

ప్రశ్న (బీఎస్సీ నర్సింగ్, మూడో ఏడాది)
కాన్పు తర్వాత రక్తస్రావం (పీపీహెచ్) మీద స్కిల్ ల్యాబ్‌లో సిమ్యులేషన్ పెడుతున్నారు. పన్నెండుమందికి బొమ్మ ఒక్కటే. ఇద్దరు చేస్తే మిగతావాళ్లం గోడకానుకుని చూస్తాం. అయ్యాక మేడమ్ తప్పులన్నీ చదివేస్తారు. ల్యాబ్‌లో కాన్యులా (నరంలోకి వేసే సన్నని గొట్టం) బాగానే పడుతుంది, వార్డుకెళ్తే చేయి వణుకుతుంది. దీనివల్ల నిజంగా లాభముందా?

ఓబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగం) ట్యూటర్
ఉంది, పద్ధతిగా చేస్తేనే. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి (ఎన్‌సీఎస్‌బీఎన్) 2014 అధ్యయనంలో క్లినికల్ గంటల్లో సగం సిమ్యులేషన్‌తో నింపినా విద్యార్థుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అక్కడ శిక్షణ పొందిన ఫ్యాకల్టీ, పక్కాగా డీబ్రీఫింగ్ (సీన్ అయ్యాక అందరూ కూర్చుని చర్చించుకోవడం) ఉన్నాయి. ఖరీదైన బొమ్మ ఒక్కటే ఆ పని చేయదు.

సీన్ 10 నిమిషాలైతే డీబ్రీఫింగ్‌కి 20 నిమిషాలు ఉంచండి. ఒకరు ఫండస్ (గర్భసంచి పైభాగం) మసాజ్, ఒకరు మందులు, ఒకరు టైమ్ రాయడం, ఒకరు డాక్టర్‌కి ఫోన్, ఒకరు కంగారుపడే అత్తగారు. మిగతా ఏడుగురికీ తలా ఒక్క విషయమే గమనించమని చీటీ ఇవ్వండి: సాయం కోసం ఎన్నో నిమిషంలో కేకేశారు, బ్లాడర్ (మూత్రాశయం) నిండి ఉందేమో చూశారా, మసాజ్ మధ్యలో ఆపేశారా.

రక్తం అంచనా కూడా చేయించండి. రంగునీళ్లు కొలిచి ప్యాడ్లలో ఇంకించి ఎంతో చెప్పమంటే చాలామంది తక్కువే చెబుతారు. తర్వాత తూచి పొడి ప్యాడ్ బరువు తీసేస్తే, గ్రాముకి ఒక మి.లీ. లెక్కన తేలిపోతుంది.

స్కిల్ ల్యాబ్ ఇన్‌చార్జ్
చేయి వణకడానికి సగం కారణం మీరు కాన్యులా ప్రాక్టీస్ చేసే ఆ రబ్బరు చెయ్యే. అందులో నరం జారదు, ముడుచుకోదు. పొడిచి పొడిచి పాత రంధ్రంలోకే సూది దూరిపోతుంది, మనకేమో బాగా వచ్చేసిందనిపిస్తుంది. చర్మం తిప్పి వేయండి, లీకయ్యే ట్యూబ్ మార్చండి. ట్యూబ్‌లో గాలి ఉంటే ఫ్లాష్‌బ్యాక్ (సూది నరంలో పడగానే కాన్యులాలోకి రక్తం కనిపించడం) రాదు, ముందే రంగునీళ్లు పారించి గాలి తీసేయాలి. బెటాడిన్ మాత్రం పూయకండి, ఆ మరక వదలదు.

ఆ చేతిని తోటి విద్యార్థిని పక్కన దుప్పటి కింద అమర్చి, ఆమెనే పేషెంట్‌గా మాట్లాడించండి. “అమ్మో, నొప్పి” అనే మనిషి ఉంటే వార్డు భయం చాలావరకు ఇక్కడే బయటపడుతుంది.

లేబర్ రూమ్ సిస్టర్
నాకు నచ్చనిది “ఆక్సిటోసిన్ (గర్భసంచి ముడుచుకునేలా చేసే మందు) ఇచ్చాను మేడమ్” అని నోటితో అనేసి ముందుకెళ్లడం. ఆంప్యూల్ పగలగొట్టాలి, సిరంజిలోకి తీయాలి, లేబుల్ వేయాలి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రామ్ అంటే 500 మి.గ్రా. ఆంప్యూళ్లు రెండు, 10 మి.లీ. దాన్ని నిమిషానికి 1 మి.లీ. చొప్పున 10 నిమిషాలు ఎక్కించాలి, కాన్పయిన 3 గంటల్లోపే మొదలుపెట్టాలి. ల్యాబ్‌లో అరనిమిషంలో తోసేసే చెయ్యి వార్డులోనూ అంతే తోస్తుంది, గడియారం పెట్టుకుని చేయండి. ప్రాక్టీస్ ఆంప్యూళ్ల మీద “శిక్షణకు మాత్రమే” అని ఎర్ర స్టిక్కర్ తప్పనిసరి. అసలు మందుల ట్రేలో కలిస్తే ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు
చీటీల ఐడియా బాగుంది. మరి తప్పులు చదివే పద్ధతి మార్చమని మేడమ్‌ని అడగడమెలా?

ఓబీజీ ట్యూటర్
“ముందు మేమే చెప్తాం మేడమ్, తర్వాత మీరు దిద్దండి” అనండి, చాలామంది ఒప్పుకుంటారు. చేసినవాళ్లు తాము ఏం చూశారో, ఆ క్షణంలో ఏమనుకున్నారో చెప్పాలి, తర్వాత చీటీలవాళ్లు. మందు ఆలస్యమైతే డోసు గుర్తురాలేదా, ట్రే ఎక్కడుందో తెలియలేదా అన్నది అప్పుడే తేలుతుంది. వెంటనే అదే సీన్ మళ్లీ చేయించమనండి, ఈసారి పాత్రలు మార్చి.