సమస్య: పరుగు పెట్టినవాఁడె యా పందె మోడె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. కుందేలు-తాబేలు పూరణలు వద్దండీ, అరిగిపోయాయి.

గౌతమి:
నడక పందెము! మోకాలు నడుమ వంగ
రాదు, కాలొక్కటైనను రహిని నేల
నంటి యుండవలెను, గాలి నడుగు లెగర
పరుగు పెట్టినవాఁడె యా పందె మోడె.

తుంగభద్ర: విరుపు భేష్. రెండు కాళ్లూ ఒక్కసారి నేల విడిస్తే అది పరుగే. 2000 సిడ్నీలో 20 కి.మీ. నడకలో ముందున్న జేన్ సావిల్‌కి స్టేడియం గుమ్మంలో మూడో ఎర్రకార్డు పడి వేటు పడింది. కానీ మోకాలు వంచడం వేరే తప్పు, పరుగు కాదు. మొదటి పాదం సమస్యకి అక్కరకు రాలేదు. 'రహిని' యతి కోసం దూరింది. 'రయమున నిల' అనండి, వేగంలో కూడా అనే అర్థం కలిసొస్తుంది.

గౌతమి: 'రయమున నిల' తీసుకున్నాను. మోకాలు మాత్రం తియ్యను. మడమ ఆనినప్పటి నుంచి ఒళ్లు ఆ కాలి మీదికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. వంగితే స్ప్రింగులా తన్ని లేస్తారు, నడక పరుగయ్యేది అక్కడే. కిందటి వారం మీరు రిలేని 'రీలే' చేశారు, అన్యదేశ్యమని మేం ఊరుకున్నాం. 'మన రిలే' అంటే నగం (మూడు లఘువులు, ఒక గురువు), దీర్ఘం అక్కర్లేదు.

ఓరుగల్లు: 'రీలే' నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నా పూరణ:
పేల లేదింక పిస్తోలు, పిదప గాక
మున్నె కదలెను పాదము, మొదటి తప్పె
చాలు వెలివేయ, నిపుడున్న చట్ట మిదియె!
పరుగు పెట్టినవాఁడె యా పందె మోడె.

తుంగభద్ర: 2011 డేగూ ప్రపంచ పోటీల్లో పిస్తోలు కంటే ముందే కదిలి వేటు పడ్డ బోల్ట్! 2010 నుంచి మొదటి తప్పుకే వేటు. పది అంశాల డెకథ్లాన్‌లో మాత్రం మొదటిది అందరికీ హెచ్చరిక. పేలాక 0.1 సెకను లోపు కదిలినా తప్పే కనుక 'పేల లేదింక' సగం నిజం. 'మొదటి తప్పె చాలు' పాదం దాటి దూకిన తీరు నచ్చింది.

ఓరుగల్లు: మా దిక్కు పరుగుని ఉరుకుడంటం. కోస్తాల ఉరకడమంటే దూకుడు కూడా. నడకపందెంల తప్పు పట్టేది ఆ దూకుడునే, అదీ జడ్జీ మామూలు కంటికి కనబడితేనే. స్లోమోషన్ లెక్కల రాదు.

కొత్త సభ్యుడు: మూడో పాదం ఇలా ఉండొచ్చా? 'ఎఱ్ఱకార్డులు మూడొస్తే ఇంటి దారి'.

గౌతమి: 'మూడొస్తే' మూడూ గురువులే, గణం చెడింది. 'మూఁడైన నింటి దారి' అనండి, యతీ నిలుస్తుంది. కార్డులు ముగ్గురు వేర్వేరు జడ్జీలవి కావాలి. పెనాల్టీ జోన్ ఉన్న 20 కి.మీ. పోటీలో మూడో కార్డుకి 2 నిమిషాలు ఆపుతారంతే, ఇంటికి పంపేది నాలుగోది.