వాడిన మానిటర్ కొనేముందు స్పెక్స్ టెర్మినల్‌లో చూడటం ఎలా?

వరంగల్_కుర్రాడు:
అన్నలూ, సెకండ్ హ్యాండ్ మానిటర్ ఒకటి చూశాను. 27 అంగుళాలు, 75 హెర్ట్జ్ (సెకనుకు 75 సార్లు తెర మారేది), 2021లో తయారైంది అంటున్నాడు అమ్మే ఆయన. వెనక స్టిక్కర్ చిరిగిపోయింది. ఉబుంటు (లైనక్స్) ల్యాప్‌టాప్ పట్టుకెళ్తాను. డబ్బులు ఇవ్వకముందే అక్కడే తేల్చుకునే కమాండ్ ఏదైనా ఉందా?

పెంగ్విన్_బాబాయ్:
ఉంది తమ్ముడూ. మానిటర్ తన వివరాలన్నీ ఈడీఐడీ అనే చిట్టాలో పెట్టుకుంటుంది. మొదటి భాగం 128 బైట్లే. కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ చదివేది ఆ చిట్టానే. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఎక్స్‌రాండ్ఆర్ అనే కమాండ్ కొట్టు. కనెక్టెడ్ అన్న లైను చివర కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 597, 336 అని ఉంటే 27 అంగుళాలే. 527, 296 అని వస్తే అది 24 అంగుళాల సైజు, బేరం ఆపెయ్.

గుంటూరు_గీక్:
బాబాయ్ గారూ, ఈమధ్య ఉబుంటులో తెర మీద బొమ్మ చూపించే పని వేలాండ్ అనే కొత్త వ్యవస్థదే కదా, అదే డీఫాల్ట్. అందులో ఎక్స్‌రాండ్ఆర్‌ని పూర్తిగా నమ్మలేం. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఇచ్చే ఫైలు నేరుగా చదవడం మేలు. సిస్, క్లాస్, డీఆర్ఎం అని వరసగా లోపలికి వెళ్తే కార్డ్1-హెచ్‌డీఎంఐ-ఏ-1 లాంటి ఫోల్డర్ కనిపిస్తుంది, నంబరు సిస్టమ్‌ని బట్టి మారుతుంది. అందులోని ఈడీఐడీ ఫైలును ఈడీఐడీ-డీకోడ్ అనే టూల్‌కి ఇస్తే చాలు. తయారైన ఏడాది, చాలా వాటిలో వారం కూడా చెప్పేస్తుంది. మానిటర్ రేంజెస్ అన్న లైనులో 48-75 హెర్ట్జ్ అని ఉంటే ఆయన చెప్పిన 75 నిజమే. ఈ టూల్ ఇంటి దగ్గరే ఇన్‌స్టాల్ చేసుకుని వెళ్లు తమ్ముడూ, అక్కడ నెట్ రాకపోతే టెన్షన్.

ఆఫీస్_అడ్మిన్:
విండోస్ వాళ్లకు పవర్‌షెల్‌లో గెట్-సిమ్ఇన్‌స్టాన్స్ ఉంది. నేమ్‌స్పేస్ రూట్‌లోని డబ్ల్యూఎంఐ, క్లాస్ డబ్ల్యూఎంఐమానిటర్ఐడీ. పేర్లు అక్షరాల్లో కాకుండా అంకెల్లో వస్తాయి, కంగారు పడకండి. 68 69 76 అంటే డీ ఈ ఎల్, డెల్ కంపెనీ కోడ్. మ్యాక్‌లో అయితే సిస్టమ్_ప్రొఫైలర్ పక్కన ఎస్‌పీడిస్‌ప్లేస్‌డేటాటైప్ అని ఇస్తే సరిపోతుంది.

వరంగల్_కుర్రాడు:
చూసొచ్చాను. సైజు, 75 హెర్ట్జ్ కరెక్టే. ఏడాది మాత్రం 2017 అని వచ్చింది! స్క్రీన్ మీద చూపించాక ఆయనే రేటు తగ్గించాడు. గీక్ అన్నా, చాలా థాంక్స్. ఎన్ని గంటలు వాడారో కూడా తెలుస్తుందా?

గుంటూరు_గీక్:
ఈడీఐడీలో అది ఉండదు. డీడీసీయుటిల్ అనే టూల్‌తో మానిటర్‌నే అడగాలి. సుడోతో (అడ్మిన్ హక్కులతో) డీడీసీయుటిల్ గెట్‌వీసీపీ సీ0 ఇచ్చి చూడు. కొన్ని మానిటర్లు గంటల లెక్క చెప్తాయి, కొన్ని అసలు పలకవు.

పెంగ్విన్_బాబాయ్:
మధ్యలో కన్వర్టర్ గానీ కేవీఎం స్విచ్ (ఒకే మానిటర్‌ని రెండు మూడు కంప్యూటర్లకు వాడే పెట్టె) గానీ పెట్టొద్దు తమ్ముడూ. అలాంటివి కొన్ని, మానిటర్ చిట్టాకు బదులు తమ సొంత చిట్టా అందిస్తాయి. డెడ్ పిక్సెళ్లు (పనిచేయని చుక్కలు) ఏ కమాండూ చెప్పదు. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫుల్ స్క్రీన్‌లో పెట్టి కళ్లతోనే వెతుక్కోవాలి.