సమస్యాపూరణం: సెట్టు కూలిపోయె సెట్టు గెలిచె

పృచ్ఛకుని (సమస్య ఇచ్చినవారి) మాట: ఇది ఆటవెలది పద్యంలో నాలుగవ పాదం, ముందరి మూడు పాదాలు కవులు పూరించాలి. ఒకే మాట ఒకచోట కూలి, మరుక్షణమే గెలవడం ఇందులోని చిక్కు. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండవ కూర్పులో అన్నిటికంటే పొడవైన పదవివరణ 'సెట్' (set) అనే ఈ చిన్న మాటదే. సుమారు 430 అర్థాలు అక్కడ లెక్కకు వచ్చాయి. నిజానికి ఇందులో రెండు వేళ్ళు పెనవేసుకున్నాయి: 'కూర్చోబెట్టు' అనే ప్రాచీన ఆంగ్ల క్రియ ఒకటి, లాటిన్ నుండి ఫ్రెంచి మీదుగా వచ్చిన 'గుంపు' అనే నామవాచకం మరొకటి. సినిమా సెట్టు, టీకప్పుల సెట్టు, సెట్టు దోసె మనకు ఇంటిమాటలే కనుక, రెండుచోట్లా వేర్వేరు అర్థాలు పలికించవలసిందిగా కోరుతున్నాను.

మొదటి పూరణ:

గాలివాన వచ్చి కలచెను రాత్రంత
పొద్దుపొడువ ననిరి ఫోనులోన
సినిమ దర్శకునకు సిబ్బంది, కొడుకును:
సెట్టు కూలిపోయె, సెట్టు గెలిచె

సమీక్ష: అమ్మా, ధార హాయిగా ఉంది, 'పొద్దు–ఫోను' యతి చక్కగా కుదిరింది. అయితే ఆటలో సెట్టు గెలిచిన కొడుకే ఫోను చేస్తే 'గెలిచితి' అనాలి కదా, 'గెలిచె' అన్నది ప్రథమపురుష.

కవయిత్రి: నిజమేనండీ. 'సిబ్బంది, కోడలున్' అని మారుస్తున్నాను. భర్త గెలుపును మామగారికి ఆమే చెప్పింది.

సమీక్ష: గణం చెడలేదు, పైగా కోడలు భర్త పేరెత్తకపోవడం మన ఇళ్ళలోని పలుకుబడికి సరిపోయింది.

రెండవ పూరణ:

పాత బల్లమీద బరువైన టీవిలో
ఆట చూచి తాత యరచి గెంత
నేల యదరె, బల్ల నిట్టూర్చి యొరిగెను
సెట్టు కూలిపోయె, సెట్టు గెలిచె

సమీక్ష: ఇక్కడ కూలడానికీ గెలవడానికీ కార్యకారణ సంబంధం కుదిరింది, సమస్య అడిగింది ఇదే. మొదటి పూరణలో రెండు వార్తలు పక్కపక్కన నిలబడ్డాయి, ఇందులో ఒకదానినొకటి తోశాయి. బల్ల చేత నిట్టూర్పించడం నాకెంతో నచ్చింది. 'ఆట–యరచి' అచ్చుల యతి నిర్దోషం. కాని తాత ఎందుకు గెంతాడో రెండవ పాదం చెప్పడం లేదు.

మూడవ పూరణలో 'సెట్టు'ను ప్రవేశపరీక్షగా (CET) తీసుకున్నారు. అది పొడి అక్షరాల పేరే గాని ఈ మాటకు అర్థం కాదు కనుక స్వీకరించలేకపోతున్నాను.

రెండవ పూరణ కవి: అయ్యా, రెండవ పాదాన్ని 'గెలుపుబంతి చూచి గెంతె తాత' అని సవరించాను.

సమీక్ష: 'గెలుపు–గెంతె' యతి కూడా కలిసింది. ఈ పాదంతోనే ఉంచండి.