మంచు రోడ్లకు ఆల్-వెదర్ టైర్లు సరిపోతాయా, వింటర్ టైర్లు కొనాల్సిందేనా?

ప్రశ్న:
ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, 205/55 ఆర్16 టైర్లు. చలికాలం నాలుగు నెలలు. పగలు సున్నా దగ్గర ఉంటుంది, రాత్రికి మైనస్ 10 దాకా దిగుతుంది. పెద్ద రోడ్ల మీద మంచు వెంటనే తీసేస్తారు, ఇంటి ముందు వీధి మాత్రం ఏటవాలు, అక్కడ ఆలస్యం. పాత ఆల్-సీజన్ టైర్లు అరిగిపోయాయి. ఏడాదంతా ఉంచుకునే ఆల్-వెదర్ సరిపోతాయా? ఖర్చు తగ్గించడానికి ముందు చక్రాలకే వింటర్ టైర్లు వేస్తే?

జవాబు 1:
రెండే వేయడం మాత్రం వద్దండీ. ముందువి పట్టుకుంటాయి, వెనకవి జారతాయి. మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా చాలు, వెనకభాగం పక్కకు కొట్టి బండి తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ ఒకే మోడల్ వేయండి.

పేరు చూసి కొనకండి, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) చూడండి. మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు బొమ్మ ఉండాలి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అనేది ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే గాడుల భాగం, ఆకారాన్ని బట్టి కంపెనీ వేసుకునే ముద్ర, దానికి పరీక్ష అక్కర్లేదు. కొండ బొమ్మకు మంచు మీద పట్టు పరీక్ష నెగ్గాలి. అయితే అది అణిగి గట్టిపడిన మంచు మీద జరిగే పరీక్ష. నున్నటి ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందో ఆ బొమ్మ చెప్పదు.

జవాబు 2:
మీ వీధికి వింటర్ టైర్లే. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే చోట ఏర్పడేది ఐసు. పైన పల్చగా నీళ్లుంటే ఇంకా ఘోరం. వేసవి ఎండకు తట్టుకోవాల్సిన ఆల్-వెదర్ రబ్బరు మైనస్ 10లో వింటర్ రబ్బరంత మెత్తగా ఉండలేదు. వింటర్ టైరు ట్రెడ్ దిమ్మల్లో సన్నటి చీలికలు కూడా ఎక్కువ, ఐసు మీద పట్టు చాలావరకు వాటిదే.

అసలు పోల్చాల్సింది కొత్త టైర్లను కాదు, మూడో చలికాలానికి వచ్చిన టైర్లను. ఆల్-వెదర్ పన్నెండు నెలలూ అరుగుతుంది. కొత్తలో 8 మిల్లీమీటర్లున్న గాడి లోతు 4కి దిగిందంటే మంచులో పని అయిపోయినట్టే, చట్టం చాలాచోట్ల 1.6 దాకా ఒప్పుకున్నా సరే. రెండు సెట్లుంటే ఒకటి తిరిగే నెలల్లో రెండోది అరగదు, కాబట్టి మొదటి ఖర్చు కనిపించినంత పెద్దది కాదు.

జవాబు 3:
పెద్ద రోడ్ల వరకే తిరుగుతూ, మంచు పడ్డ రోజు బండి తీయకుండా ఉండగలిగేవాళ్లకు ఆల్-వెదర్ చాలు. ఏటవాలు వీధి ఉంది కాబట్టి ఇక్కడ నాదీ పై మాటే. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నా ఇదే చెప్పేవాణ్ణి, అది కదలడానికి సాయం చేస్తుంది గానీ ఆగడానికి కాదు.

వింటర్ సెట్‌కు విడిగా రిమ్ములు తీసుకోండి. ప్రతి సీజన్‌కూ టైరు ఊడదీసి ఎక్కిస్తే అంచు దెబ్బతినవచ్చు, కూలీ కూడా దండగ. 195/65 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం దాదాపు అంతే, వెడల్పు తక్కువ కాబట్టి బురద మంచును బాగా కోస్తుంది. కానీ ఆ కొలత మీ కారుకు అనుమతించారో లేదో మాన్యువల్లో చూడండి, 15 అంగుళాల రిమ్ము బ్రేక్ క్యాలిపర్‌కు (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగానికి) తగలవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అయితే వింటర్ సెట్టే. ఎప్పుడు మార్చాలి? గాలి ఎంత?

జవాబు 3:
ఉదయాలు వరసగా 7 డిగ్రీల లోపు ఉండటం మొదలవగానే మార్చేయండి, మొదటి మంచు దాకా ఆగితే షాపులో క్యూ. ట్రెడ్‌కు దిశ ఉంటే బాణం గుర్తు బండి ముందుకెళ్లేటప్పుడు చక్రం తిరిగే వైపే ఉండాలి. నట్లు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) మాన్యువల్ చెప్పినంతే బిగించి, 80-100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి.

గాలి డోర్ పక్క స్టిక్కర్ మీదున్నంతే, కానీ చల్లటి టైరులో కొలవాలి. 20 డిగ్రీల గ్యారేజీలో 33 పీఎస్ఐ నింపి మైనస్ 10లోకి తీస్తే 28 దగ్గరికి పడిపోతుంది. చలి ముదిరాక బయటే మళ్లీ నింపండి.

జవాబు 2:
కొనేటప్పుడు టైరు పక్కన ముద్రించే డాట్ (DOT) కోడ్ చివరి నాలుగంకెలు కూడా చూడండి. 3522 అంటే 2022లో 35వ వారం తయారీ. షాపులో ఏళ్లు పడి ఉన్న వింటర్ టైరు తగ్గింపు ధరకు ఇచ్చినా వద్దు, రబ్బరు గట్టిపడి ఉంటుంది.