బెంగళూరును ఇలా మార్చింది రెండో ప్రపంచ యుద్ధమేనా?

మురుగేష్‌పాళ్య మనిషి:
ఆదివారం టిఫిన్ దగ్గర మొదలైన వాదన తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాట ఇదీ: ఈ ఊళ్లో మన తెలుగువాళ్లకు ఇన్ని ఉద్యోగాలు దొరుకుతున్నాయంటే దాని మూలం రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. 1940 డిసెంబరులో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి ఇక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టాడు. 1942లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత అమెరికా సైన్యం విమానాలు రిపేరుకు వచ్చింది ఇక్కడికే. అదే ఇవాళ్టి హెచ్‌ఏఎల్. దాని వెనకే టెలిఫోన్లు చేసే ఐటీఐ, యంత్రాలు చేసే హెచ్‌ఎంటీ, ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్, తర్వాత ఇస్రో, ఆ తర్వాత మనం. యుద్ధమే రాకపోతే ఇది పెన్షనర్ల ఊరుగానే ఉండిపోయేది. కాదనేవాళ్లు చెప్పండి.

జయనగర్ పెద్దాయన:
కాదనే అంటున్నాను బాబూ. వాల్‌చంద్ ఇక్కడికే ఎందుకొచ్చాడన్నది వదిలేశావు. కావేరి మీది శివనసముద్రం జలపాతం దగ్గర తీసిన కరెంటు 1902లోనే కోలారు గనులకు చేరింది. 1905కల్లా బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. టాటా ఇన్‌స్టిట్యూట్, అంటే ఇవాళ్టి ఐఐఎస్‌సీ సైన్సు సంస్థ, 1909లో పెట్టారు. పైగా దివాను మీర్జా ఇస్మాయిల్ స్థలమూ ఇచ్చాడు, సంస్థానం డబ్బూ పెట్టించాడు. యుద్ధం తలుపు తట్టేసరికి ఇక్కడ ఇల్లు సర్దుకుని ఉంది. సర్దింది యుద్ధం కాదు కదా.

కేఆర్ పురం కుర్రాడు:
బియ్యం దొరక్క రవ్వ ఇడ్లీ పుట్టింది కూడా ఆ యుద్ధంలోనే అని ఎంటీఆర్ హోటల్ వాళ్లు చెప్పుకుంటారు. హెచ్‌ఏఎల్ సంగతేమో గానీ, నా ఓటు దానికే.

సిక్కోలు అమ్మాయి:
నవ్వించావు తమ్ముడూ, కానీ ఆ బియ్యం ఎందుకు దొరకలేదో చెప్పాలి. మీ ఇద్దరి లెక్కల్లోనూ మా వైపు వాళ్లు లేరు.

మా ముత్తాత రంగంలో, అంటే బర్మా రంగూన్‌లో, రేవులో మూటలు మోసేవాడు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి పల్లెల నుంచి అలా వెళ్లినవాళ్లు లెక్కలేనంత మంది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులేశాయి. టిక్కెట్టు కొనగలిగినవాళ్లు ఓడ ఎక్కారు. మిగిలినవాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ నడిచే దారుల్లో కూడా తెల్లవాళ్లకొక తీరు, మనవాళ్లకొక తీరు అని అప్పట్లోనే పెద్ద గొడవయింది.

మా ముత్తాత ప్రాణాలతో తిరిగొచ్చాడు. కానీ నెలనెలా వచ్చే మనియార్డరు ఆగిపోయింది. ఆ డబ్బును నమ్ముకుని షావుకారుకు రాసిచ్చిన నోటు మీద వడ్డీ మాత్రం ఆగలేదు. రెండెకరాల పొలం పోయింది. మా ఇంట్లో యుద్ధానంతర ప్రపంచం అంటే అదీ. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డ సంగతి సరేసరి.

బర్మా జపాన్ చేతికి పోయాక అక్కడి బియ్యం రాక ఆగింది. 1943 బెంగాల్ కరువుకు ఉన్న కారణాల్లో అదొకటి. సుమారు 30 లక్షల మంది పోయారు. హెచ్‌ఏఎల్‌ను జమ రాసేవాళ్లు ఖర్చు వైపు కూడా రాయండి.

మురుగేష్‌పాళ్య మనిషి:
అక్కా, యుద్ధం మంచిదని నేను అనలేదు. ప్రపంచాన్ని తిరగేసింది అదే అంటున్నా. స్వాతంత్ర్యమే చూడండి. యుద్ధం అయ్యేసరికి బ్రిటనే మనకు బాకీ పడింది, సుమారు 130 కోట్ల పౌండ్లు! మనకు అప్పున్నవాడు మనల్ని ఇంకెన్నాళ్లు ఏలతాడు?

జయనగర్ పెద్దాయన:
ఆ బాకీ ఊరికే రాలేదు. ఇక్కడి సరుకు సైన్యానికి తరలించి, డబ్బు తర్వాత ఇస్తామని లండన్‌లో రాసి పెట్టుకున్నారు. ఇక్కడేమో నోట్లు అచ్చేశారు, ధరలు మండిపోయాయి. అంటే మన జనం కడుపు మాడ్చుకుని ఇచ్చిన అప్పు అది.

ఇక స్వాతంత్ర్యం. యుద్ధమే తెచ్చేదైతే మొదటి యుద్ధం తర్వాతే రావాలి. అప్పుడు కూడా మనవాళ్లు 10 లక్షలకు పైగా సముద్రాలు దాటి వెళ్లారు. చేతికొచ్చిందేమిటి? 1919లో రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్. రెండోసారి ఏం మారింది? 1942లో క్విట్ ఇండియా నడిచింది. ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులను విచారిస్తే దేశమంతా లేచింది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నావికులే తిరగబడ్డారు. సైన్యం మాట వింటుందన్న ధీమా పోయాకే బ్రిటన్ ప్రధాని అట్లీ 1947 ఫిబ్రవరిలో వెళ్లిపోతామని గడువు చెప్పాడు. ఖజానా ఖాళీ కావడం ఒక్కటే చాలదు బాబూ. ఫ్రాన్స్ ఖజానా కూడా ఖాళీయే, అయినా వియత్నాంలో 1954 దాకా కొట్లాడింది.

విమానపుర పాత కాపు:
హెచ్‌ఏఎల్ గురించి నాదొక మాట. మా నాన్నగారు అక్కడే ఫిట్టరుగా పనిచేశారు. 1945తో అమెరికా వాళ్ల పని అయిపోయింది. అన్నేసి షెడ్లు, అంతమంది పనివాళ్లు, మరి జీతాలెలా? రైలు పెట్టెలు తయారుచేసి నిలబడ్డారండీ. రెక్కలకు రివెట్లు కొట్టిన చేతులే పెట్టెలకూ కొట్టాయి. సొంత శిక్షణ విమానం హెచ్‌టీ-2 ఎగిరింది 1951లో. మధ్యలో రైల్వే ఆర్డర్లు రాకపోయుంటే ఫ్యాక్టరీకి తాళం పడేది. 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్ ఇక్కడే పెట్టాలన్నది కూడా ఢిల్లీ నిర్ణయమే, ఏ యుద్ధమూ సంతకం పెట్టలేదు.

మురుగేష్‌పాళ్య మనిషి:
రైలు పెట్టెలు చేయాలన్నా షెడ్డుండాలిగా బాబాయ్! ఆ షెడ్డు కట్టించిందెవరు?

సిక్కోలు అమ్మాయి:
అయితే దీనికి జవాబు చెప్పండి. విశాఖలో ఓడల కర్మాగారానికి 1941 జూన్‌లో శంకుస్థాపన చేశారు. అదే వాల్‌చంద్, అదే యుద్ధం. 1948లో జల ఉష అనే ఓడ అక్కడే నీళ్లలోకి దిగింది. మరి నేను ఉద్యోగం కోసం సిక్కోలు నుంచి విశాఖ దాటి ఇక్కడిదాకా ఎందుకు రావాల్సొచ్చింది?